మేడ మీద మూడు కిలోవాట్లు: సూర్యఘర్ సోలార్‌తో మా ఇంట్లో ఏడాది

భీమవరంలో మా డాబా మీద ఇళ్ల మీద సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టించి ఏడాది దాటింది. మా వీధిలో మొదట పెట్టించింది మేమే కాబట్టి అప్పట్నుంచి ఎవరో ఒకరు గేటు దగ్గర ఆగి "ఎంతయిందండీ, నిజంగానే బిల్లు రావట్లేదా?" అని అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పి పంపడం కంటే మంచీ చెడ్డా అంతా ఒకచోట రాసేస్తే నయమనిపించింది. మొత్తం మీద 5కి 4 ఇస్తాను. ప్యానెళ్లకు, వాటి కరెంటును ఇంట్లో వాడుకునేలా మార్చే ఇన్వర్టరుకు మాత్రమే అయితే 5కి 5 ఇచ్చేదాన్ని. ఆ ఒక్కటి తగ్గింది బిగించినవాళ్ల పనితనానికి, బిగించాక మేం తిరిగిన తిరుగుళ్లకు.

చివరిదాకా చదివే తీరిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తాను. సోలార్‌కు డబ్బు కట్టే ముందు ఇంట్లో ఫ్యాన్లు మార్చండి. మేం వెనక మార్చాం, అది మా పొరపాటు. ఎందుకో లెక్కతో సహా కింద రాస్తాను.

మాది ఐదుగురు ఉండే ఇల్లు. రెండు ఏసీలు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, గ్రైండరు, నీళ్ల మోటారు, ఐదు సీలింగ్ ఫ్యాన్లు. అత్తయ్యగారికి పగలు కూడా ఫ్యాన్ ఆగకూడదు. ఏడాదికి సుమారు 4,800 యూనిట్లు కాలేవి, అంటే నెలకు సగటున 400. 2024 మే నెలలో 560 యూనిట్లకు 4,400 రూపాయల బిల్లు వచ్చింది. ఆ చీటీ చేత్తో పట్టుకుని మా వారు "ఇంక పెట్టించేద్దాం" అన్నారు. అన్నారే గాని అప్లికేషన్ పెట్టేసరికి నవంబరు వచ్చింది.

పథకం గురించి ముందు ఒక అపోహ తీసేయాలి. "నెలకు 300 యూనిట్లు ఉచితం" అన్న మాట విని ప్రభుత్వమే 300 యూనిట్లు ఊరికే ఇస్తుందని మా పక్కింటావిడ కూడా అనుకున్నారు. అలా ఇవ్వరు. ప్యానెళ్లు మన డబ్బుతో పెట్టించుకోవాలి, కొంత సబ్సిడీ వెనక్కి వస్తుంది, మన మేడ మీద తయారైన యూనిట్లు మన బిల్లులో తగ్గుతాయి, అంతే. మూడు కిలోవాట్లు పెడితే నెలకు 300 యూనిట్ల పైన వస్తాయి కాబట్టి ఆ మాట పుట్టింది. 2024 ఫిబ్రవరిలో మొదలైన ఈ పథకానికి కేంద్రం 75,021 కోట్ల రూపాయలు కేటాయించింది, కోటి ఇళ్ల మీద పెట్టించాలన్నది లక్ష్యం, గడువు 2026-27 ఆర్థిక సంవత్సరం దాకా ఉంది. ఒక కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడింటికి 78,000 రూపాయల సబ్సిడీ. అయిదు పెట్టినా పది పెట్టినా ఆ 78,000 దాటదు. అందుకే మా ఊళ్లో ఎవర్నడిగినా మూడు కిలోవాట్లే అంటారు.

మాకు అయిన ఖర్చు 1,98,000 రూపాయలు. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, అంటే 3.24 కిలోవాట్లు, ఒక సింగిల్ ఫేజ్ ఇన్వర్టరు, ఎత్తుగా వేసిన ఇనుప స్ట్రక్చరు, వైరింగు, మూడు ఎర్తింగ్ గుంటలు, పిడుగు కడ్డీ. సబ్సిడీ పోగా చేతి నుంచి పడింది 1,20,000. సబ్సిడీ కావాలంటే ప్యానెళ్లు, వాటి లోపలి సెల్స్‌తో సహా, మన దేశంలో తయారైనవే అయి ఉండాలి. వీటిని డీసీఆర్ ప్యానెళ్లు అంటారు, ధర కాస్త ఎక్కువ. "మేడమ్, తక్కువలో వేసేస్తాం" అని ఎవరైనా అంటే అవి డీసీఆర్ ప్యానెళ్లేనా, వాటి సీరియల్ నంబర్లు పథకం వెబ్ పోర్టల్‌లో ఎక్కిస్తారా అని అడగండి. ఇంకో సంగతి, మేం కొన్నప్పుడు సోలార్ పరికరాల మీద జీఎస్టీ 12 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గింది. ఇప్పుడు కొటేషన్ తీసుకునేవాళ్లు ఆ తగ్గింపు మీ ధరలో కనబడుతుందో లేదో చూసుకోండి. డబ్బు ఒక్కసారే కట్టలేనివాళ్లకు మూడు కిలోవాట్ల దాకా తాకట్టు లేకుండా రెండు లక్షల వరకు ప్రభుత్వ బ్యాంకులు లోను ఇస్తున్నాయి. మేం అడిగినప్పుడు వడ్డీ 7 శాతం దరిదాపుల్లో ఉంది, ఇంటి లోను కంటే తక్కువే. మేం మాత్రం చిట్టీ డబ్బులు చేతికొచ్చాయి కాబట్టి తీసుకోలేదు.

ఇక అప్లికేషన్. పోర్టల్ బాగుంది, తెలుగులో కూడా నెట్టుకురావచ్చు. కరెంటు సర్వీసు నంబరు, బిల్లు, ఆధార్, బ్యాంకు ఖాతా, ఇవే. పది కిలోవాట్ల లోపు వాటికి సాంకేతిక పరిశీలన అని ఆపకుండా ఒప్పుకున్నట్టే లెక్కేయాలని 2024లో కేంద్రం నిబంధన మార్చింది కాబట్టి అక్కడ మాకు ఆలస్యం కాలేదు. మేం ఇరుక్కుంది వేరేచోట. మీటరు మా మామయ్యగారి పేరు మీద ఉంది, ఆయన పోయి ఆరేళ్లయింది. సబ్సిడీ పడాల్సిన బ్యాంకు ఖాతా పేరు, మీటరు పేరు ఒకటే ఉండాలి. ఆరేళ్లుగా ఆయన పేరుతోనే బిల్లు కడుతున్నాం, ఏ రోజూ ఎవరూ ఏమీ అడగలేదు, మాకూ ఆ పేరు అలా బిల్లు మీద కనబడటం ఇష్టంగానే ఉండేది. మార్చడానికి ఇంటి పన్ను రసీదు, మరణ ధ్రువపత్రం, వారసులందరి సంతకాలు కావాల్సి వచ్చాయి. మా ఆడపడుచు కువైట్‌లో ఉంటారు, ఆవిడ సంతకం రావడానికే మూడు వారాలు. మీ మీటరు ఎవరి పేరు మీద ఉందో ఈ రోజే బిల్లు తీసి చూసుకోండి, మిగతా పనులన్నీ తర్వాత.

బిగించే పని ఒక్క రోజున్నరలో అయిపోయింది. జనవరిలో ముగ్గురు కుర్రాళ్లు వచ్చారు, పని వేగంగా చేశారు, మాట మర్యాద కూడా బాగుంది. కాని స్ట్రక్చరు కాళ్లను స్లాబులోకి రంధ్రాలు పెట్టి బోల్టులతో దింపేశారు. నేను కింద వంటింట్లో ఉన్నాను, డ్రిల్లు చప్పుడు విని పైకెళ్లేసరికే నాలుగు రంధ్రాలు పడ్డాయి. "బాబూ, కాంక్రీటు దిమ్మెలు పోసి వాటి మీద నిలబెడతామన్నారు కదా" అంటే, "దాని కంటే ఇదే గట్టి మేడమ్, కెమికల్ పోసి మూసేస్తాం, చుక్క కారదు" అన్నాడు. జులైలో రెండో వాన పడేసరికి ముందు గదిలో సీలింగ్ మీద పళ్లెమంత మరక తేలింది. అయిదేళ్ల వరకు మరమ్మతుల బాధ్యత బిగించినవాళ్లదే అని పథకం నిబంధనల్లోనే ఉంది. ఫోన్ చేస్తే "వస్తామండి, రేపు వస్తామండి" అంటారు. రెండుసార్లు వచ్చి ఏదో తెల్లటి పేస్టు పూసి వెళ్లారు. మరక తగ్గలేదు. మీరు పెట్టించుకుంటే దిమ్మెల మాట కొటేషన్ కాగితం మీద రాయించుకోండి, బిగించే రోజు ఇంట్లోవాళ్లు ఒకరు మేడ మీదే కుర్చీ వేసుక్కూర్చోండి.

తర్వాత నెట్ మీటరు కోసం ఎదురుచూపు. ప్యానెళ్లు బిగించేశారు, ఎండ కాస్తోంది, కాని ఆన్ చేయకూడదు. పాత మీటరు కొన్ని రకాల్లో బయటికి వెళ్లే కరెంటును కూడా మన వాడకం కిందే లెక్కేస్తుందట, అందుకని రెండువైపులా లెక్కపెట్టే మీటరు పెట్టేదాకా ఆగాలి. మాకు 24 రోజులు పట్టింది. రోజూ పొద్దున్నే మేడ ఎక్కి ఆ నల్లటి పలకల మీద ఎండ పడటం చూసి దిగి రావడం, అంత ఖర్చుపెట్టి ఊరికే చూస్తున్నామే అని మనసు పీకేది. చివరికి 2025 ఫిబ్రవరి 20న మీటరు వచ్చింది. మా వారు స్విచ్ వేశారు. మీటరు తెర మీద బయటికి వెళ్లే యూనిట్ల అంకె 0.1 అయింది. అత్తయ్యగారు పక్కనే నిలబడి "మన ఇంటి నుంచి కరెంటు బయటికెళ్తోందా?" అని మళ్లీ మళ్లీ అడిగారు. ఆవిడ చిన్నప్పుడు వాళ్ల ఊరికి కరెంటు స్తంభాలు రావడం చూసినావిడ.

సబ్సిడీ 78,000 ఏప్రిల్ మొదటి వారంలో ఖాతాలో పడింది. ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేకుండానే పడింది, ఆ మాట కూడా చెప్పాలి. కాని మొదటి రెండు బిల్లుల్లో మేం బయటికి పంపిన యూనిట్లు తీసేయలేదు. రీడింగు తీసే అబ్బాయి మిషన్‌లో మా సర్వీసు ఇంకా మామూలు మీటరుగానే ఉంది. నాలుగుసార్లు ఆఫీసుకు వెళ్లి, మీటరు ఫోటోలు తేదీలతో సహా చూపిస్తే మూడో నెలలో సరిచేసి, ఎక్కువ కట్టింది తర్వాతి బిల్లుల్లో సర్దారు. నెల నెలా ఒకే తేదీన మీటరు ఫోటో తీసి పెట్టుకోవడం అప్పట్నుంచి అలవాటైంది. ఆ ఫోటోలే లేకపోతే వాదించడానికి చేతిలో ఏమీ ఉండేది కాదు.

ఇప్పుడు అందరూ అడిగే బిల్లు సంగతి. మన రాష్ట్రంలో ఇళ్లకు శ్లాబులు ఎలా ఉన్నాయంటే, మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆ పైన 9.75. సోలార్ తగ్గించేది ఎప్పుడూ పై మెట్టు నుంచే. మూడు రూపాయల యూనిట్ల దాకా అది చివర్లోనే వస్తుంది, ముందు 9.75 వాటిని మింగుతుంది, తర్వాత 8.75 వాటిని. 2025 మేలో మేం 500 యూనిట్లు వాడాం, మేడ మీద 372 వచ్చాయి, మిగిలిన 128 యూనిట్లకు అన్ని ఛార్జీలూ కలిపి 530 రూపాయల చిల్లర కట్టాం. అంతకు ముందు ఏడాది అదే నెల 4,400. చలికాలంలో బిల్లు వంద రూపాయల లోపే, ఫిక్స్‌డ్ ఛార్జీ, ఆ చిన్నా చితకా మాత్రం ఎప్పుడూ ఉంటాయి, పూర్తిగా సున్నా అని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. ఏడాది మొత్తం మీద మాకు 30,000 దాకా మిగిలింది. పెట్టిన 1,20,000 నాలుగేళ్లలో వచ్చేస్తుంది, ప్యానెళ్ల పనితనానికి వారంటీ 25 ఏళ్లు.

ఇదే లెక్క నెలకు వంద యూనిట్లు వాడే ఇంటికి వర్తించదు. వాళ్ల బిల్లు ఛార్జీలన్నీ కలిపి నాలుగొందల లోపే, దాని కోసం సొంత డబ్బు లక్ష పెట్టడం దండగ. అయితే మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్ల దాకా ఉచితంగా పెట్టే ఏర్పాటు ఉంది, బీసీలకు కేంద్రం సబ్సిడీ మీద మరో 20,000 రూపాయల సాయం ఉంది, వాళ్లు తప్పకుండా కనుక్కోవాలి. మేడ లేనివాళ్లకు, అద్దె ఇళ్లవాళ్లకు ఈ పథకం నేరుగా ఏమీ ఇవ్వదు. అపార్ట్‌మెంటు సంఘాలకు లిఫ్టు, మోటార్లు, మెట్ల లైట్లలాంటి ఉమ్మడి వాడకానికి కిలోవాట్‌కు 18,000 చొప్పున సబ్సిడీ ఉంది, అంతే. నా దృష్టిలో ఇది పెద్ద లోటే, ఎందుకంటే బిల్లు బరువు ఎక్కువ తెలిసేది అద్దెకుండేవాళ్లకే.

ఎండ ఎక్కువ కాస్తే కరెంటు ఎక్కువ వస్తుందని మేం కూడా అనుకున్నాం. ప్యానెల్‌కు కావాల్సింది వెలుతురు. వేడెక్కితే దాని ఉత్పత్తి తగ్గుతుంది. మాకు మే కంటే మార్చే ఎక్కువ ఇచ్చింది, 402 యూనిట్లు. ఆగస్టు మబ్బుల్లో 262. మొత్తం ఏడాదికి 4,050 యూనిట్లు వచ్చాయి.

నీడ గురించి బిగించినవాళ్లు ఒక్క ముక్క చెప్పలేదు, ఇది మేం సొంతంగా నేర్చుకున్నది. మా ఇంటికి నైరుతి మూల పక్కవాళ్ల కొబ్బరిచెట్టు ఉంది. వేసవిలో దాని నీడ మా మేడ మీదకే రాదు. సూర్యుడు దక్షిణానికి దిగే నవంబరు, డిసెంబరుల్లో మాత్రం మధ్యాహ్నం మూడు గంటలకల్లా రెండు మట్టల నీడ చివరి ప్యానెల్ మీద అడ్డంగా పడుతుంది. ఒక్క ప్యానెల్ మీద, అదీ చారలాగా. ఆ కాస్త నీడకే, ఏ వేళకు ఎంత కరెంటు వస్తోందో చూపే ఫోన్ యాప్‌లో గీత ఒక్కసారి కిందికి పడిపోయేది, ఎందుకంటే ఆరు ప్యానెళ్లూ ఒకే వరసలో తీగతో కలిపి ఉంటాయి, ఒకటి కుంటుపడితే మిగతావాటినీ వెనక్కి లాగుతుంది. చెట్టు కొట్టేయమని అడగడానికి నోరు రాలేదు, ఏటా సంక్రాంతికి కాయలు పంపించే ఇల్లు అది. వాళ్లే చూసి ఎండుమట్టలు దింపించారు. మేం ఆ చివరి ప్యానెల్‌ను రెండడుగులు ముందుకు జరిపించాం. మీరు పెట్టించే ముందు డిసెంబరు నీడ ఎక్కడ పడుతుందో చూసుకోండి. మే నెలలో మేడ చూసిపోయినవాడికి అది తెలియదు. పిట్టగోడ, నీళ్ల ట్యాంకు, డిష్ యాంటెన్నా, ఏదైనా సరే.

తుడవడం నా పనే. పదిహేను రోజులకోసారి, ఎండ ఎక్కకముందే, ఆరింటికల్లా మేడ ఎక్కి పైపుతో నీళ్లు కొట్టి, కర్రకు కట్టిన మెత్తటి గుడ్డతో రుద్దుతాను. కాలుతున్న ప్యానెల్ మీద చన్నీళ్లు పోయకూడదు, అద్దం బీటలు వారొచ్చు. మా బోరు నీళ్లు ఉప్పన, ఆరితే తెల్లటి పొర కడుతుంది, అందుకని మున్సిపల్ నీళ్లు పట్టి ఉంచుతాను. కాకి రెట్ట ఎండిపోయాక గోకకండి, ముందు నాననివ్వండి. పావుగంట పని. తుడిచిన రోజుకూ తుడవని రోజుకూ ఒక యూనిట్ తేడా నేను కళ్లారా చూశాను, ముఖ్యంగా చేల గట్ల మీద గడ్డి తగలబెట్టే రోజుల్లో మసి వచ్చి పడినప్పుడు.

ఇన్వర్టరు ఒక్కసారి టెన్షన్ పెట్టింది. ఏప్రిల్లో పట్టపగలు, పన్నెండు గంటలకు, టక్కున ఆగిపోయేది, పది నిమిషాలకు మళ్లీ వచ్చేది. పాడైందేమో అనుకున్నాం. లైన్‌మన్ వచ్చి మీటరు పెట్టి చూసి, "అమ్మా, లైన్లో వోల్టేజీ 258 ఉందండి, అందుకే మీ మిషను తనంతట తాను పక్కకు తప్పుకుంటోంది" అన్నాడు. అప్పటికి మా ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇంకో మూడు ఇళ్లవాళ్లు పెట్టించారు. మధ్యాహ్నం అందరం కలిసి కరెంటు తోస్తున్నాం, వాడేవాళ్లు తక్కువ, వోల్టేజీ పైకెళ్తోంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏదో సర్ది వెళ్లారు, తగ్గింది. ఒక చిన్న వీధిలో నాలుగు ఇళ్లకే ఇలా ఉంటే కోటి ఇళ్లు అంటున్నప్పుడు ఈ ట్రాన్స్‌ఫార్మర్లు, ఈ తీగలు కూడా మారాలి కదా. ప్యానెల్‌కు డబ్బు ఇచ్చినంత శ్రద్ధ ఆ స్తంభం మీది పెట్టె మీద కూడా పెట్టాలి.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది, మాకు ఎంతో దూరం లేదు. స్ట్రక్చరు ఎత్తుగా వేయించాం, కింద వడియాలు పెట్టుకోవచ్చు, బట్టలు ఆరేసుకోవచ్చు అని. ఎత్తు పెరిగేకొద్దీ గాలి దెబ్బ కూడా ఎక్కువేనని ఆ రాత్రి తెలిసింది. పైన ఇనుము మూలుగుతున్న చప్పుడు వింటూ ఎవరం నిద్రపోలేదు. తెల్లారి వెళ్లి చూస్తే ప్యానెళ్లు ఆరూ ఉన్నాయి, రెండు క్లాంపులు వదులయ్యాయి, అంతే. ఆ పనికి మాత్రం బిగించినవాళ్లకు నిజంగా దణ్ణం పెట్టాను.

కాని కరెంటు ఒకటిన్నర రోజు లేదు. మర్నాడు మధ్యాహ్నానికి ఎండ వచ్చింది, మేడ మీద మూడు కిలోవాట్లు ఉన్నాయి, ఇంట్లో ఒక్క బల్బు వెలగలేదు. ఇది కొనేముందు ఎవరూ స్పష్టంగా చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. బ్యాటరీ లేని ఈ రకం సోలార్, వీధి కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. ఆగాలి కూడా, లేకపోతే స్తంభం ఎక్కి తీగ ముట్టుకున్న మనిషికి మన మేడ మీది కరెంటు తగులుతుంది. కోతలప్పుడు కూడా కావాలంటే బ్యాటరీతో పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టరు కావాలి. మాకు అప్పట్లో దానికి 90,000 ఎక్కువ చెప్పారు, వద్దనుకున్నాం.

ఆ రోజు నుంచి నాకు సాయంత్రం గురించే ఆలోచన. యాప్‌లో గీత చూస్తే పదకొండు నుంచి రెండు దాకా కొండలా లేస్తుంది, అప్పుడు ఇంట్లో అత్తయ్యగారి ఫ్యాన్, ఫ్రిజ్ తప్ప ఏమీ ఉండవు, అంతా బయటికి పోతుంది. ఆరున్నరకు గీత నేలకు తాకుతుంది, సరిగ్గా అప్పుడే లైట్లు, టీవీ, మోటారు, తొమ్మిదికి ఏసీలు. ఆ వేళ మేం వాడేది ఎక్కువగా బొగ్గు కరెంటే. బిల్లులో రెండూ కొట్టేసుకుని సమానమవుతాయి గాని కరెంటు మాత్రం అలా కాదు. దేశానిదీ ఇదే పరిస్థితి అనిపిస్తుంది. మొత్తం విద్యుత్తు సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ లాంటివి కాకుండా ఉండాలన్నది 2030కి పెట్టుకున్న లక్ష్యం, దాన్ని 2025 మధ్యలోనే అందుకున్నాం. అది నిజంగా గొప్ప పని, 2022 కల్లా ఇళ్ల కప్పుల మీద 40,000 మెగావాట్లు అని పెట్టుకున్న పాత లక్ష్యం తప్పిన సంగతి గుర్తున్నవాళ్లకు ఇంకా బాగా తెలుస్తుంది. కాని సామర్థ్యం సగమైనా ఏడాదిలో నిజంగా వాడుతున్న కరెంటులో బొగ్గుదే దాదాపు మూడొంతులు. సూర్యుడు రోజులో కొన్ని గంటలే పనిచేస్తాడు, బొగ్గు రాత్రంతా కాలుతుంది. 2070 నాటికి నెట్ జీరో, అంటే గాల్లోకి వదిలే కార్బన్, వెనక్కి తీసుకునే కార్బన్ సమానం కావాలన్న మాట నిలబడాలంటే సాయంత్రాన్ని గెలవాలి. మన నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కట్టింది దీని కోసమే, మిగులు కరెంటుతో నీళ్లు పైకి తోడి, అవసరమైన వేళ కిందికి వదిలి టర్బైన్లు తిప్పడం. అలాంటివి ఇంకా చాలా కావాలి.

మేం మా మటుకు చేయగలిగింది చేశాం. మోటారు, వాషింగ్ మెషీన్, గ్రైండరు, ఇస్త్రీ, అన్నీ పదకొండు, రెండు మధ్యకు మార్చాం. దీనివల్ల నాకు బిల్లులో ఒక్క రూపాయి తేడా లేదు, ఎందుకంటే మా మీటరుకు పగలూ రాత్రీ ఒకటే రేటు. ఎండ గంటల్లో రేటు 10 నుంచి 20 శాతం తక్కువ, రద్దీ గంటల్లో ఎక్కువ ఉండాలని 2023లో కేంద్రం నిబంధన తెచ్చింది. ఏ వేళకు ఎంత వాడామో కూడా లెక్కపెట్టే స్మార్ట్ మీటర్లు ఉన్న ఇళ్లకు అది సరిగ్గా అమలైతే జనం వాళ్లంతట వాళ్లే మోటారు మధ్యాహ్నం వేసుకుంటారు.

ఇప్పుడు ఫ్యాన్ల లెక్క. మా పాత ఫ్యాన్ ఒక్కోటి 75 వాట్లు. 2025 మార్చిలో ఐదింటినీ తీసేసి తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లు వేశాం, ఒక్కోటి 30 వాట్లు, మొత్తం 14,000 రూపాయలు. నెలకు 45, 50 యూనిట్లు తగ్గాయి, ఏడాదికి 550. అంటే ఏడాదికి ఒక యూనిట్ ఆదా చేయడానికి నేను పెట్టింది 25 రూపాయలు. సోలార్‌తో ఏడాదికి ఒక యూనిట్ తయారుచేయడానికి అయింది, సబ్సిడీ పోగా 30 రూపాయలు, సబ్సిడీ కలిపితే 49. పైగా ఫ్యాన్ రాత్రి కూడా ఆదా చేస్తుంది, ఏ బ్యాటరీ లేకుండానే. కరెంటు తయారుచేసినందుకు ప్రభుత్వం నాకు 78,000 ఇచ్చింది, ఆదా చేసినందుకు ఏమీ రాలేదు. ఈ రెండిట్లో చౌకైనదానికే సాయం లేకపోవడం నాకు బాధగా ఉంది.

మనకు ఇది చేతకాని పనేం కాదు. 2015లో ఎల్‌ఈడీ బల్బులు చౌకగా ఇచ్చే ఉజాలా పథకం మొదలైనప్పుడు ఏం జరిగిందో అందరికీ గుర్తే. 2014లో ప్రభుత్వం ఒక్కో ఎల్‌ఈడీ బల్బును 310 రూపాయలకు కొంటే, దేశమంతటికీ కలిపి టోకున కొనేసరికి 2016కల్లా 38 రూపాయలకు దిగింది. ఇప్పుడు పల్లెటూరి కిరాణా కొట్లో కూడా పాత పసుపు బల్బు దొరకదు. ఫ్యాన్లకు 2023 జనవరి నుంచి స్టార్ రేటింగ్ తప్పనిసరి చేశారు, మంచిదే, కాని షాపులో 1,500 రూపాయల ఫ్యాన్ పక్కన 2,800 ఫ్యాన్ పెడితే రోజుకూలి మనిషి ఏది కొంటాడు? బల్బుకు చేసిందే ఫ్యాన్‌కూ అంత పెద్ద ఎత్తున చేయాలి. సూర్యఘర్ కింద రెండు కిలోవాట్లు ఉచితంగా పెట్టే ఇళ్లకు ఆ ప్యానెళ్లతో పాటే రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు ఇస్తే ఎంత బాగుంటుందో అని నేను చాలాసార్లు అనుకున్నాను.

వాతావరణం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మా అబ్బాయి తొమ్మిదో తరగతి, వాడు బిల్లు గురించి ఏమీ అడగడు, "ఎంత కార్బన్ తగ్గింది?" అని అడుగుతాడు. మన దేశపు కరెంటులో ఒక యూనిట్‌కు సగటున 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుందని లెక్క. మా 4,050 యూనిట్లకు 2.8 టన్నుల పైమాట. వాడు ఆ అంకెను సుద్దముక్కతో ఇన్వర్టరు పక్క గోడ మీద రాశాడు. ఫ్యాన్ల 550 యూనిట్లు కూడా కలపాలని గుర్తుచేస్తే చెరిపి, మళ్లీ లెక్కేసి, 3.2 అని రాశాడు.

చివరగా, మీరు పెట్టించుకోవచ్చా అంటే, సొంత మేడ ఉండి, నెలకు 250 యూనిట్లు దాటి వాడేవాళ్లు తప్పకుండా పెట్టించుకోండి. ముందు ఫ్యాన్లు, పాత ఫ్రిజ్ మార్చి, ఒకటి రెండు నెలలు బిల్లు చూసి, అప్పుడు ఎన్ని కిలోవాట్లో తేల్చుకోండి, మాలాంటి ఇంటికి మూడు కిలోవాట్ల కంటే చిన్నదే సరిపోవచ్చు. మిగులు యూనిట్లు అమ్ముకుందామని పెద్దది పెట్టకండి.

మా ముందు గది సీలింగ్ మరక మాత్రం అలాగే ఉంది. వానాకాలం లోపు ఆ రంధ్రాలు తీసి దిమ్మెలు పోస్తామని బిగించినవాళ్లు మొన్న ఆదివారం ఫోన్లో ఒప్పుకున్నారు. వచ్చి చేస్తే ఇక్కడే రాసి, తగ్గించిన ఆ ఒక్కటీ వేసేస్తాను.